రాయి, రాగం, కథ: కృతి ఉనికి ఎక్కడ?

పేరు తెలియని రేనాటి శిల్పుల, గాయకుల స్మృతికి అంకితమైన ఉపన్యాసం, గోస్పాడు



స్మారకోపన్యాసం అనగానే ఒక మహనీయుని పేరు ముందుంటుంది. ఈ ప్రసంగానికి అలాంటి ఒక్క పేరు లేదు. అహోబిలం మండపాల స్తంభాలు చెక్కినవారు, యాగంటి బసవన్నకు రూపం ఇచ్చినవారు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను ఊరూరా పాడుతూ తిరిగినవారు ఎందరో ఉన్నారు. వారిలో ఎక్కువమంది పేర్లు మనకు అందలేదు. వారు చేసినవి మాత్రం అందాయి. చేసినవాడు వెళ్ళిపోయి వందల ఏళ్ళు గడిచినా చేసింది నిలిచి ఉన్నదంటే, ఆ నిలిచినది అసలు ఏమిటి? రాయా? రాతిలోని రూపమా? చూసేవారి మనసులో కలిగే భావమా?

ఇది తీరిక ఉన్నవారి ప్రశ్నలా కనిపించవచ్చు. కానీ గుడి జీర్ణోద్ధరణ చేసే ధర్మకర్తకు, పాత పాటకు కొత్త వరుస కట్టే గాయకుడికి, పాత సినిమాకు రంగులు వేసే నిర్మాతకు ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్నే. ఏది కృతో తేల్చుకోకుండా కాపాడబోతే, కాపాడుతున్నామనుకుంటూనే పోగొట్టుకుంటాం. ఈ ప్రశ్నకు సాక్ష్యాలు వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. గోస్పాడుకు ఒక పక్క నంద్యాల, మరో పక్క ఆళ్లగడ్డ, నడుమ కుందూ నది. కావలసినవన్నీ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి.

మొదట ఆళ్లగడ్డ. ఇక్కడి రాతి శిల్పానికి భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. శిల్పి పని ఉలి పట్టకముందే, రాతి ఎంపికతోనే మొదలవుతుంది. శిల్పశాస్త్రం రాళ్ళను పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని మూడుగా విభజించింది. రాతిని తట్టి, పలికే నాదాన్ని బట్టి ఏది దేవుడి విగ్రహానికి, ఏది దేవికి, ఏది పునాదికి అని నిర్ణయించమన్నది. తరువాత తాళమానం. ముఖం పొడవు ఒక తాళం, అందులో పన్నెండు అంగుళాలు. ఆ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు, విగ్రహం ఎత్తును బట్టి మారేది. ఏ దేవతకు ఎన్ని తాళాలు, ఏ చేతిలో ఏ ఆయుధం అన్నది ధ్యానశ్లోకం చెబుతుంది. అంటే సుత్తి దెబ్బ పడకముందే రూపం శ్లోకంలో ఉంది, కొలతలో ఉంది, గురువు దగ్గర నేర్చుకున్న చేతిలో ఉంది. లేనిది ఈ ఒక్క విగ్రహమే.

శిల్పి పని ముగిసిందంటే కృతి పుట్టినట్టేనా? పుట్టిందంటాడు శిల్పి. ఇంకా లేదంటాడు అర్చకుడు. జలాధివాసం, ధాన్యాధివాసం, శయ్యాధివాసం జరగాలి. నేత్రోన్మీలనం కావాలి. ప్రాణప్రతిష్ఠ జరగాలి. అంతకు ముందు రాయి పగిలితే అది శిల్పికి నష్టం, ఇంకో రాయి తెచ్చుకుంటాడు. ఆ తరువాత పగిలితే ఊరంతటికీ కీడు, దానికి ప్రాయశ్చిత్తం ఉంది. రాయి అదే, బరువు అదే, ఆకారం అదే. మారింది దానికి మనుషులతో ఉన్న సంబంధం.

ఈ తేడాను న్యాయస్థానాలు కూడా ఒప్పుకున్నాయి. 1925లో ప్రివీ కౌన్సిల్ ముందుకు వచ్చిన ప్రమథనాథ్ మల్లిక్ కేసులో ప్రతిష్ఠిత దేవతా విగ్రహాన్ని చట్టం దృష్టిలో ఒక వ్యక్తిగా పరిగణించారు. కొట్లో అమ్మకానికి ఉన్న విగ్రహం ఒకరి ఆస్తి. గుడిలో ప్రతిష్ఠ అయిన విగ్రహానికే ఆస్తి ఉంటుంది, అది తన తరఫున దావా కూడా వేయగలదు. రసాయనశాస్త్రం ఈ రెంటి మధ్య తేడా చూపలేదు. అయినా తేడా ఉంది, అది కల్పన కాదు.

మరి విగ్రహంలో కొంత భాగం పోతే? మన న్యాయదర్శన పండితులు, అంటే నైయాయికులు, ఇక్కడ చాలా కఠినంగా ఉంటారు. వారి లెక్కలో అవయవాలు వేరు, అవయవి వేరు. దారాలన్నీ కలిసి వస్త్రం కాదు, దారాలలో సమవాయ సంబంధంతో ఉండే మరో వస్తువు వస్త్రం. అయితే ఒక్క దారం లాగేసినా పాత వస్త్రం నశించినట్టే, ఇప్పుడున్నది ఖండపటం అనే కొత్త వస్తువు. ఈ సూత్రాన్ని గుడికి వర్తింపజేస్తే, అభిషేకంలో అరిగిన ప్రతి విగ్రహమూ రోజూ కొత్త విగ్రహం కావాలి.

ఆగమం అలా అనలేదు. ప్రధానాంగం విరిగితే విగ్రహాన్ని తొలగించి నీటిలో కలపమన్నది. ఉపాంగం దెబ్బతింటే బాగుచేయమన్నది. మరమ్మతు జరిగేంత కాలం కళాకర్షణ చేసి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, తాత్కాలిక ఆలయమైన బాలాలయంలో పూజలు సాగించమన్నది. తిరుమలలో పన్నెండేళ్ళకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ ఈ పద్ధతిలోనిదే, 2018 ఆగస్టులో అలాగే జరిగింది. ఇందులో భక్తితో పాటు లోతైన తత్త్వ నిర్ణయం ఉంది. ఒక వస్తువు అదే వస్తువుగా కొనసాగిందా లేదా అన్నది ఎన్ని అణువులు మిగిలాయన్న లెక్కతో తేలదు. దాని పనికి ఏ భాగం ముఖ్యమో తెలిసినవారు తేల్చాలి. చేతివేలు వేరు, శిరస్సు వేరు.

యాగంటి బసవన్న దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఈ నంది పెరుగుతున్నదని భక్తుల నమ్మకం. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేయడానికి చోటుండేదని, ఇప్పుడు లేదని స్థానికులు చెబుతారు. కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం పేరిట చెప్పుకుంటారు. రాయి పెరిగిందా లేదా అన్నది భూగర్భశాస్త్రం తేల్చవలసిన మాట. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. ఆ నమ్మకంలో బసవన్న పూర్తయిన వస్తువు కాదు. శిల్పి చేయి వదిలిన తరువాత కూడా ఆయనకు ఒక జీవితం ఉంది, ఒక భవిష్యత్తు ఉంది. ప్రదర్శనశాలలో బల్ల మీద పెట్టిన శిల్పానికి అది ఉండదు.

ఇప్పుడు రెండు సంగమేశ్వరాలయాల కథ. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయం ముంపులో పడింది. చాళుక్యుల నాటి ఆ గుడిని రాయి రాయీ విప్పి, అలంపురానికి తరలించి, మళ్ళీ నిలబెట్టారు. మన నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలోని సప్తనదుల సంగమేశ్వరం దారి వేరు. దాన్ని తరలించలేదు. ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలో ఉంటుంది, వేసవిలో జలాశయం తగ్గాక బయటపడుతుంది. అందులో వేప కర్రతో చేసిన లింగం ఉంది. నీళ్ళు తగ్గగానే బురద కడిగి పూజ మొదలుపెడతారు.

మొదటి గుడికి రాళ్ళు మిగిలాయి, సంగమం పోయింది. రెండో గుడికి సంగమం మిగిలింది, ఏడాది పొడవునా కనిపించడం పోయింది. ఏది అసలైన సంగమేశ్వరం? రాయే కృతి అనేవారు అలంపురం వైపు చూపిస్తారు. చోటే కృతి అనేవారు కొత్తపల్లె వైపు చూపిస్తారు. నిజానికి రెండూ నిలిచాయి, కానీ నిలిచిన తీరు వేరు. అలంపురంలో వాస్తుశిల్పం నిలిచింది. గోడల మీది చెక్కడాన్ని, విమానం తీరును ఈనాటి విద్యార్థి అక్కడ చదువుకోవచ్చు. కొత్తపల్లెలో క్షేత్రం నిలిచింది. నీళ్ళు తగ్గే రోజు కోసం ఎదురుచూసే మనుషులు లేకపోతే అది నీటి అడుగున కట్టడంగానే మిగిలేది. ఒకే కట్టడంలో ఒకటికి మించిన కృతులు ఉండవచ్చునని, కష్టకాలంలో వాటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తుందని ఈ రెండు గుళ్ళూ చెబుతున్నాయి.

అమరావతి ఫలకం ఈ మాటను మరింత సూటిగా రుజువు చేస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలలో రెండు వైపులా చెక్కిన సున్నపురాతి ఫలకం ఒకటి ఉంది. ఒక వైపు సుమారు క్రీ.పూ. 1వ శతాబ్ది నాటి పని. అందులో ఖాళీ ఆసనాన్ని, బోధివృక్షాన్ని భక్తులు కొలుస్తుంటారు. మూడు నాలుగు శతాబ్దాల తరువాతి శిల్పులు అదే రాతిని తిప్పి, రెండో వైపు స్తూపాన్ని చెక్కారు. పాత ముఖం లోపలికి పోయింది. రాయి ఒకటే అయినా కృతులు రెండు. ఒకదాన్ని చూపించడానికి రెండోదాన్ని దాచారు. కృతి రాయే అయితే ఈ లెక్క కుదరదు.

రాయి తిరిగిన దారి కూడా లెక్కలోకి వస్తుంది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రానికి చెందిన శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో కొని, 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చింది. చూపులకు ఆ శిల్పం అక్కడ ఎంత అందమో ఇక్కడా అంతే అందం. అయినా తిరిగి ఇవ్వడం న్యాయమని రెండు దేశాలూ ఒప్పుకున్నాయంటే, ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా పోయింది అన్న చరిత్ర కూడా శిల్పంలో భాగమని ఒప్పుకున్నట్టే.

రాతిని దాటి పాట దగ్గరకు వస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) అహోబిలంలో ఆదివన్ శఠకోపయతి దగ్గర శిష్యరికం చేశాడని సంప్రదాయం. అహోబిలం ఆళ్లగడ్డకు దగ్గరే. ఆయన సంకీర్తనలను రాగి రేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని భాండారంలో భద్రపరిచారు. శతాబ్దాల తరువాత, 1922 ప్రాంతంలో, అవి వెలుగులోకి వచ్చాయి. రెండు వేలకు పైగా రేకులు. సాహిత్యం ఉంది, ప్రతి కీర్తన మీద రాగం పేరు ఉంది. స్వరం మాత్రం లేదు. ఏ రాగమో తెలుసు, ఆ రాగంలో ఆయన ఎలా పాడాడో తెలియదు. అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, ఆ తరువాత నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు వాటికి స్వరాలు కట్టారు. ఈ రోజు పెళ్ళిళ్ళలో, కచేరీలలో వినిపించే అన్నమయ్య పాటలలో ఎన్నిటికో వరుస ఇరవయ్యో శతాబ్దిది.

మరి అది అన్నమయ్య కీర్తనేనా? అమెరికన్ తత్త్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ 1968లో కళలను రెండు తెగలుగా విడదీశాడు. చిత్రానికి నకలు తీస్తే అది నకలే, మూలం ఒక్కటే ఉంటుంది. కవితకు ఎన్ని ప్రతులు తీసినా ప్రతి ఒక్కటీ ఆ కవితే, అక్షరం తప్పకపోతే చాలు. సంగీతాన్ని ఆయన రెండో తెగలో వేశాడు, స్వరలిపి తప్పకపోతే అదే కృతి అన్నాడు. మన సంప్రదాయం ఈ కొలతకు లొంగదు. స్వరలిపే లేని రేకుల మీది కీర్తన ఆ లెక్కన సగం కృతి. కానీ దాన్ని అన్నమయ్యదే అనుకుని పాడుతున్నాం, అలా అనుకోవడం తప్పు కాదు. సాహిత్యం ఆయనది, రాగ నిర్దేశం ఆయనది, ఆ నిర్దేశం లోపల మెలిగే స్వేచ్ఛను సంప్రదాయమే గాయకుడికి ఇచ్చింది. అయితే స్వరకర్త పేరు చెప్పకుండా పాడితే రెండో కర్తను చెరిపేసినట్టు అవుతుంది. ఇక్కడ కర్తలు ఇద్దరు. ఐదు వందల ఏళ్ళ ఎడంతో ఇద్దరూ కలిసి చేసిన కృతి ఇది.

పాట పుట్టిందా, ముందే ఉన్నదాన్ని ఎవరో వెలికి తీశారా అన్న వాదం కూడా మనకు కొత్తది కాదు. శబ్దం నిత్యమని, ఉచ్చరించడం అంటే దాన్ని అభివ్యక్తం చేయడమేనని మీమాంసకులు అన్నారు. కాదు, ప్రతి ఉచ్చారణతో శబ్దం కొత్తగా పుడుతుందని నైయాయికులు అన్నారు. పాశ్చాత్య సంగీత తత్త్వవేత్తలు ఇరవయ్యో శతాబ్దిలో ఇదే తగవు పడ్డారు. స్వరాల అమరిక అనాదిగా ఉంది, స్వరకర్త దాన్ని కనుగొన్నాడు అన్నది ఒక పక్షం. 1980లో జెరొల్డ్ లెవిన్సన్ మధ్యేమార్గం చూపించాడు. అమరిక ఎప్పుడూ ఉండవచ్చు, కానీ ఫలానా కాలంలో ఫలానా మనిషి ఎంచి చూపిన అమరికే కృతి అన్నాడు. అన్నమయ్య రేకుల ముందు నిలబడితే ఈ మాటకు బలం వస్తుంది. రాగానికి స్వరాలు ఎన్నైనా కుదురుతాయి. పదిహేనో శతాబ్దిలో తిరుమల కొండ మీద ఒక భక్తుడు ఎంచిన కుదురు ఒక్కటే ఆయనది. అది ఇప్పుడు లేదు. ఎక్కడో శాశ్వతంగా ఉందిలే అనుకుంటే దాన్ని పోగొట్టుకున్న బాధ కూడా ఉండకూడదు. బాధ ఉంది, ఉండాలి.

ఇక నంద్యాల. పదహారో శతాబ్దిలో పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని నంద్యాల ప్రభువు కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. అదే కవి రాఘవపాండవీయం కూడా రాశాడు. ఈ రెండు కావ్యాలు కళాకృతి ఉనికి గురించి రాసిన శాస్త్రగ్రంథాలకు ఏమీ తీసిపోవు.

రాఘవపాండవీయంలో అవే పద్యాలు ఒక రకంగా విడదీసి చదివితే రామాయణం, మరో రకంగా విడదీసి చదివితే భారతం. ఒక్క అక్షరం మారదు. అక్షరాల వరుసే కావ్యమైతే ఇది ఒక కావ్యం. కథే కావ్యమైతే ఇవి రెండు. చదివే రసికుడు ఈ రెండు లెక్కలనూ ఒప్పుకోడు. ఒక కథ చదువుతుంటే రెండోది దాని వెనక నడుస్తూ ఉండడమే అక్కడి ఆనందం. రెండింటినీ విడదీసి రెండు పుస్తకాలుగా అచ్చువేస్తే సూరన కావ్యం మిగలదు. కాబట్టి కృతి అక్షరాలలోనూ లేదు, అర్థంలోనూ లేదు. ఈ అక్షరాలను ఈ రెండు అర్థాలకూ ఒకేసారి కట్టిన ఆ నిర్మాణంలో ఉంది. దాన్ని విప్పగల పాఠకుడు లేకపోతే కాగితం మీది సిరా మాత్రమే ఉంటుంది. వేములవాడ భీమకవి కూడా ఇలాంటి కావ్యం రాశాడని ప్రతీతి ఉంది. గ్రంథం మాత్రం దొరకలేదు. పేరు మాత్రమే ఉన్న కావ్యం ఉన్నట్టా లేనట్టా? ఒకప్పుడు ఉండి, పోయినట్టు. కొండ కరిగిపోయినట్టే కావ్యం కూడా పోగలదు.

కళాపూర్ణోదయంలో సూరన ఇంకో అడుగు ముందుకు వేశాడు. బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. బ్రహ్మ మాట వృథా పోదు గనుక కథలోని మనుషులు భూమి మీద నిజంగా పుడతారు, కథ జరుగుతుంది. తమ పుట్టుక ఒక కథలో నుంచి వచ్చిందన్న సంగతి వారి చెవిన పడుతుంది. కల్పిత పాత్ర ఎక్కడ ఉంటుంది అన్న ప్రశ్నను సూరన ఇలా నడిపించాడు: చెప్పినవాడి మాట వల్ల ఉంటుంది, విని మళ్ళీ చెప్పేవారి వల్ల కొనసాగుతుంది. 1914లో విమర్శకుడు కట్టమంచి రామలింగారెడ్డి తన కవిత్వతత్త్వ విచారములో కళాపూర్ణోదయానికి పెద్దపీట వేసి, ఆ కల్పనాశక్తిని ఎత్తి చూపించాడు.

పోలండ్ తత్త్వవేత్త రోమన్ ఇంగార్డెన్ 1931లో సాహిత్యకృతి గురించి రాసిన గ్రంథం ఇక్కడికి దగ్గరగా వస్తుంది. కృతి రాతి లాంటి భౌతిక వస్తువూ కాదు, సంఖ్య లాంటి శాశ్వత వస్తువూ కాదు, ఒకరి మనసులోని ఊహ కూడా కాదు. అది రచయిత చర్య మీద, అక్షరాల మీద, పాఠకుల మీద ఆధారపడి నిలిచే వస్తువు. 1999లో అమెరికన్ తత్త్వవేత్త ఏమీ టొమాసన్ ఈ ఆధారాన్ని రెండుగా విడదీసింది. పుట్టడానికి ఒక కర్త ఒకసారి కావాలి. కొనసాగడానికి ప్రతి అయినా, దాన్ని అర్థం చేసుకోగలవారైనా ఎప్పుడూ ఉండాలి. రేనాటి నేల మీద ఈ మాటను పరీక్షించి చూస్తే నిలబడుతుంది.

సినిమాను కూడా ఈ గీటురాయి మీద గీసి చూడవచ్చు. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో మాయాబజార్‌ను తెలుగులో, తమిళంలో తీశాడు. తెలుగులో అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. ఒకే కథ, ఒకే దర్శకుడు, రెండు సినిమాలు. 2010లో తెలుగు మాయాబజార్ రంగులతో మళ్ళీ విడుదలైంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడల కోసం కట్టిన ప్రతి చట్రం మీదా ఇతరులు ఎంచిన రంగు పడింది. కథ చూడాలనుకున్న పిల్లలకు అది మేలు చేసింది. కానీ ఛాయాగ్రాహకుడి కృతి అది కాదు. నలుపు తెలుపు ప్రతి అందుబాటులో ఉన్నంతవరకే రంగుల ప్రతికి న్యాయం ఉంది.

నరసింహారెడ్డి పాట సంగతి అన్నిటికన్నా అత్యవసరం. 1847 ఫిబ్రవరి 22న బ్రిటిషు పాలన మీద తిరగబడిన ఆయనను కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆ తరువాత ఆయన కథ పాటల మీదే బతికింది. ఇలాంటి పాటకు మూలప్రతి ఉండదు. పాడినవాడు మారితే చరణం మారుతుంది, ఊరు మారితే ఊరి పేరు చేరుతుంది. వాటిలో ఒకదాన్ని అసలుదని అచ్చువేసి మిగతావి తప్పులని కొట్టేస్తే, ఆ కృతి స్వభావాన్నే కాదన్నట్టు అవుతుంది. ఆ మార్పులన్నీ కలిసే ఆ కృతి. దానికి రాగి రేకులు కూడా లేవు. పాడే గొంతు ఆగితే అన్నమయ్య స్వరాలు పోయినట్టే అదీ పోతుంది.

కళాకృతులన్నీ ఒకే జాతి వస్తువులు కావు. శిల్పానికి ఆ రాయే కావాలి, క్షేత్రానికి ఆ చోటు కావాలి, కావ్యానికి విప్పి చదవగల పాఠకుడు కావాలి, కీర్తనకు రాగం తెలిసిన గాయకుడు కావాలి, జానపద గేయానికి ఒకటికి మించిన గొంతులు కావాలి. అన్నిటికీ కావలసింది ఒకటే ఉంది: దాన్ని గుర్తుపట్టి, దానితో ఎలా మెలగాలో తెలిసిన మనుషులు. వారు లేని చోట సున్నపురాయి, రాగి, కాగితం ఉంటాయి, కృతి ఉండదు.

అందుచేత సభలోని పెద్దలకు, యువతకు ఈ విన్నపం. ఊళ్ళో గుడి బాగుచేసే ముందు పాత శిల్పాలన్నిటినీ నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయించండి. కొత్త విగ్రహం ఆళ్లగడ్డ నుంచి తెచ్చుకుంటే, దాతల పేర్ల పలక మీద ఆ విగ్రహం చెక్కిన శిల్పి పేరు కూడా వేయించండి. అన్నమయ్య కీర్తన పాడినప్పుడు వరుస కట్టినవారి పేరు చెప్పండి. నరసింహారెడ్డి పాట వచ్చిన వృద్ధులు గోస్పాడు, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ పల్లెల్లో ఎవరున్నా, వారు పాడింది పాడినట్టుగా, ఏ చరణాన్నీ దిద్దకుండా రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరి పేరు, తేదీ దానితోపాటు రాసి పెట్టండి. సెల్‌ఫోన్ ఉన్న ప్రతి ఇంట్లో ఈ పని చేయవచ్చు. ఆ గొంతులు వినిపిస్తున్న కాలంలోనే చేయండి.